పదకొండు రోజుల కాపురం

టొరంటో పక్కన మిస్సిసాగాలో ముప్పై ఏళ్లకు పైగా ఉంటున్నాను. ఆదివారం పూట ఎవరో ఒక కుర్రాడు ప్లాస్టిక్ కవరులో కాగితాలు పట్టుకుని మా ఇంటికొస్తాడు. మన వైపు పెళ్లి చేసుకుని వచ్చి ఉంటాడు. భార్యను స్పాన్సర్ చెయ్యాలి, లేదా చేశాక ఏదో చిక్కు వచ్చి పడి ఉంటుంది. నాకేదో లోగుట్టు తెలుసని వాళ్ల నమ్మకం. నేను లాయర్ని కాను. మెషీన్ షాపులో పనిచేసి రిటైరైనవాణ్ని. నాకు తెలిసిందల్లా మా రెండోవాడి కేసును నా చేతులతో నేనే ఎలా పాడుచేశానన్నదే. అది చెప్తాను, విను.

1. పరువు కోసం దాచింది ఫైల్లో అబద్ధంలా కనబడుతుంది.

మావాడికి అది రెండో పెళ్లి. మొదటిది ఇక్కడే జరిగింది. ఏడు నెలలకే ఎవరి దారి వాళ్లదయింది. విడాకులు వచ్చిన కొన్నాళ్లకు పిఠాపురం సంబంధం కుదిరింది. అమ్మాయి తల్లిదండ్రులకు ఏదీ దాచలేదు. అంతా చెప్పి, పైన ఒక షరతు పెట్టాను: ఈ సంగతి నలుగురిలో ఎత్తకూడదని. 2006 జూన్‌లో అన్నవరం కొండ మీద పెళ్లి చేశాం. బంధువులంతా వస్తే పాత కథ తవ్వుతారని నలభై మందితో సరిపెట్టాను. వీడియో వద్దన్నాను. ఫొటోలు మొత్తం పద్నాలుగు. తలంబ్రాల ఫొటో ఒక్కటే ఒకటి, అదీ మసకగా పడింది.

ఫారాల్లో మొదటి పెళ్లి సంగతి రాశాం. విడాకుల సర్టిఫికెట్ జతచేశాం. కాగితం మీద దాచింది లేదు. కానీ 2007 ఆగస్టులో కోడలికి ఢిల్లీలో వీసా ఇంటర్వ్యూ పడినప్పుడు నేను ఫోన్ చేసి, "అమ్మా, మొదటి పెళ్లి గురించి అడిగితే ఎక్కువ మాట్లాడకు. తెలియదను, సరిపోతుంది" అన్నాను. "అలాగే మావయ్యగారూ" అంది. తమ్ముణ్ని తోడు తీసుకుని, విజయవాడ వచ్చి జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కింది.

మీ ఆయన మొదటి పెళ్లి ఎందుకు విడిపోయింది అని ఆఫీసరు అడిగాడు. తెలియదండి అంది. మీరు అడగలేదా అన్నాడు. అడగాలనిపించలేదండి అంది.

నిజానికి పెళ్లిచూపుల నాడే, సామర్లకోటలో వాళ్ల పిన్నిగారి డాబా మీద రెండు గంటలు కూర్చుని మావాడు జరిగిందంతా చెప్పాడు. తన తప్పులతో సహా చెప్పాడట. అంతా విన్నాకే ఆ అమ్మాయి సరేనంది. ఆ రెండు గంటల మాటా ఆమె నోట రాకుండా అడ్డుపడింది నేను. భర్త గతం ఇంత తక్కువ తెలిసిన మనిషి అతనితో కాపురం చెయ్యడానికే వస్తోందంటే నమ్మలేకపోతున్నానన్నది తిరస్కరణ ఉత్తరం సారాంశం. ఆ కుర్చీలో నేనున్నా నమ్మేవాణ్ని కాదు.

ఇప్పుడు చాలా కేసుల్లో ఇంటర్వ్యూ ఉండదు, అంతా ఆన్‌లైన్ అంటారు. ఐతే మాత్రం? ఐఎంఎం 5532 అనే ఫారం తెరిచి చూడు. ఎలా పరిచయం, పెళ్లికి ఎవరొచ్చారు, ఇంతకుముందు పెళ్లిళ్లున్నాయా, ఇంట్లోవాళ్లకు తెలుసా... మనిషి అడిగే ప్రశ్నలే కాగితం అడుగుతోంది. "ఇది రెండో పెళ్లి, అందుకే చిన్నగా చేశాం" అని ఒక్క వాక్యం రాసి ఉంటే మా పద్నాలుగు ఫొటోలకూ అర్థం ఉండేది.

2. మన ఆచారం మనం చెప్తేనే వాళ్లకు తెలుస్తుంది.

పెళ్లయిన ఏడాది జూన్ 26న ఆషాఢం పట్టింది. పెళ్లయి అప్పటికి సరిగ్గా పదకొండు రోజులు. ఆషాఢంలో అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదు, కొత్త అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు. మా ఆవిడకు ఇవన్నీ పట్టింపే. నాకూ కాదనే ధైర్యం లేదు. కోడల్ని పిఠాపురం పంపేశాం. మావాడు పెద్దాపురంలో మా పాతింట్లో కూర్చున్నాడు. మధ్య దూరం ఎంతని, బస్సెక్కితే గంట లోపే. వాడి సెలవు జూలై 9తో అయిపోయింది, విమానమెక్కేశాడు.

ఆఫీసరు నోట్సులో ఇది రెండే ముక్కల్లో ఉంది. వరుడు పెళ్లి తరవాత మూడు వారాలకు పైగా దేశంలో ఉన్నాడు. అందులో దంపతులు కలిసున్నది పదకొండు రోజులు. అంతే. ఆషాఢం అనే మాట మా ఫైల్లో ఎక్కడా లేదు. రాయాలని మాకే తోచలేదు. అదొక చెప్పాల్సిన విషయమని ఎవరనుకుంటారు? మనకు గాలీ నీరూ లాంటిది. ఢిల్లీలో కూర్చున్న మనిషికి మాత్రం అది కొత్త దంపతులు కారణం లేకుండా విడిగా ఉండటం.

ఇంకో చిక్కు వచ్చింది, చిన్నదే. పీటల దగ్గర మీ తరఫున ఎవరున్నారంటే కోడలు "మా అక్కలిద్దరూ" అంది. దుబాసీ దాన్ని ఉన్నదున్నట్టు సొంత అక్కలుగా ఇంగ్లీషులో పెట్టాడు. ఫారంలో చూస్తే ఒక్క తమ్ముడే. పెదనాన్న కూతుళ్లను మనం అక్కలే అంటాం కదా. ఆ పిల్ల తనకు లేని అక్కల్ని కల్పించిందని నోట్సులోకెక్కింది. అందుకే ఇప్పుడు నా దగ్గరకొచ్చే వాళ్లకు చెప్తాను: అక్క అనకు, పెదనాన్న కూతురు అను. బావ అనకు, మేనత్త కొడుకు అను. మేనరికమైతే మేనరికమని రాసి, అది మన దగ్గర వాడుకేనని ఇంకో ముక్క చేర్చు. ముహూర్తం తెల్లవారుజాము మూడింటికైతే అదీ రాయి. ఫొటోల్లో జనం తక్కువ ఎందుకున్నారో, పెళ్లికూతురు కళ్లెందుకు వాచి ఉన్నాయో వాళ్లకు అర్థమవుతుంది.

3. అప్పజెప్పిన జవాబు కన్నా తడబడిన జవాబు మేలు.

ఇంటర్వ్యూకు ముందు ఎవరో స్నేహితుడు అరవై ప్రశ్నల కాగితమిచ్చాడు. భర్త ఏ బ్రాండు పేస్టు వాడతాడు, మంచానికి ఏ పక్కన పడుకుంటాడు, ఆఫీసుకు ఏ నంబరు బస్సు. రాత్రుళ్లు ఫోన్లో కూర్చుని నేనే బట్టీ పట్టించాను. బస్సు నంబరు ఆమె ఠక్కున చెప్పింది. మీ ఆయనకు కోపం వస్తే ఏం చేస్తాడంటే మాత్రం నీళ్లు నమిలింది, నా కాగితంలో అది లేదు కాబట్టి. మొగుడూ పెళ్లాలను రోజూ కాసేపు వాళ్ల మానాన మాట్లాడుకోనిచ్చి ఉంటే ఆ జవాబు ఆమెకు తెలిసేది. ఫోన్ కార్డు నిమిషాలన్నీ నా పరీక్షలకే అయిపోయేవి.

4. పేరు అన్ని కాగితాల్లోనూ ఒకేలా ఉండాలి.

దీన్ని గురించి ఎక్కువ చెప్పను, అందరూ చెప్పేదే. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఇనీషియల్‌గా, పాస్‌పోర్టులో విడదీసి, పెళ్లి సర్టిఫికెట్లో అసలు లేకుండా ఉంటే ముగ్గురు మనుషులవుతారు. గుళ్లో ఇచ్చిన రసీదుతో ఊరుకోకుండా సబ్‌రిజిస్ట్రారు దగ్గర పెళ్లి రిజిస్టరు చేయించుకోవాలి. ఇద్దరూ వెళ్లి సంతకాలు పెట్టాలి గనుక నువ్వు విమానమెక్కకముందే ఆ పని కావాలి. మా రాష్ట్రంలో పెళ్లి నమోదు తప్పనిసరని 2002లోనే చట్టం వచ్చింది. అయినా పెళ్లి హడావుడిలో అందరూ మర్చిపోయేది అదే.

5. ఫారం ఏజెంటు నింపినా సంతకం నీదే.

ఇది మా ఇంటి కథ కాదు. గుంటూరు జిల్లా కుర్రాడొకడు స్కిల్డ్ వర్కరు కింద పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి పెట్టుకున్నాడు. వీసా చేతికొచ్చాక, బయలుదేరడానికి నెల ముందు ఇంట్లో పెళ్లి చేసేశారు. ఇప్పుడు పెళ్లి సంగతి చెప్తే వీసా ఆగిపోతుంది, ముందు దిగు, తరవాత భార్యను స్పాన్సర్ చేసుకోవచ్చన్నాడు అక్కడి ఏజెంటు. విమానాశ్రయంలో "పెళ్లయిందా?" అంటే లేదని చెప్పి దిగాడు.

ఏడాది తరవాత స్పాన్సర్‌షిప్ పెడితే తిరగ్గొట్టారు. పెళ్లి నిజమా, దొంగా అన్న ప్రశ్నే రాలేదు. ఇక్కడి నిబంధనల్లో 117(9)(డి) అని ఒకటుంది. నువ్వు పీఆర్‌గా దిగేనాటికి ఉన్న భార్యనో బిడ్డనో ప్రభుత్వానికి చెప్పకపోతే, వాళ్లకు పరీక్షలు చేయించకపోతే, తరవాత వాళ్లను ఫ్యామిలీ క్లాసులో తెచ్చుకునే దారి మూసుకుపోతుంది. దానికితోడు తన పీఆర్ కూడా అబద్ధం మీద వచ్చిందంటారేమోనని వాడికి నిద్ర పట్టేది కాదు. ఇంకొన్నాళ్లు ఆగి, పెళ్లి కాగితాలు పంపి, ఇద్దరూ కలిసే దిగాల్సింది. ఇలాంటి వాళ్ల కోసం 2019 సెప్టెంబరులో ప్రభుత్వం తాత్కాలికంగా ఒక వెసులుబాటు తెచ్చింది. అది తెలిసి ఈమధ్య ఒకడు, "ఐతే ఇప్పుడు చెప్పకపోయినా పర్లేదు కదండీ?" అని నన్నే అడిగాడు. కాఫీ ఇచ్చి పంపేశాను.

తప్పుడు సమాచారం ఇచ్చావని తేలితే ఒకప్పుడు రెండేళ్లు నిషేధం. 2014 నవంబరు నుంచి ఐదేళ్లు. ఏజెంటు రాశాడు, నాకు తెలియదంటే చెల్లదు. డబ్బు తీసుకుని ఈ పని చెయ్యాలంటే వాడు లాయరన్నా కావాలి, లైసెన్సున్న కన్సల్టెంటన్నా కావాలి. లైసెన్సు ఉందో లేదో చూడటానికి ఐదు నిమిషాలు పట్టదు. తన పేరు ఫారంలో ఎక్కడా వెయ్యనివ్వనివాడు నీకెందుకు?

సంతకం సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. భార్యను స్పాన్సర్ చేసేవాడు, ఆమె పీఆర్ అయిన రోజు నుంచి మూడేళ్ల పాటు ఆమె కనీస అవసరాలు నావి అని రాసిస్తాడు. మధ్యలో విడిపోయినా ఆ మాట రద్దు కాదు. ఈ మధ్య పెళ్లి కుదిరిన ప్రతివాడికీ ఇది చదివి వినిపిస్తున్నాను. ఒకడైతే పెళ్లి ఇంకో ఆర్నెల్లు వాయిదా వేసుకున్నాడు. తప్పేం కాదు.

6. తిరస్కరణ ఉత్తరం మీద గొడవ పడొచ్చు, గడువు మీద పడలేం.

ఉత్తరం వచ్చాక నేను మొదటి పదిహేడు రోజులు చేసిన పనులివి: మా ఆవిడతో మాట్లాడటం మానేశాను. కోడలి తండ్రికి ఫోన్ చేసి, మీ అమ్మాయి సరిగ్గా చెప్పలేదన్నాను. అన్నవరం సత్యదేవుడికి మళ్లీ వ్రతం మొక్కుకున్నాను. పద్దెనిమిదో రోజు మావాడు ఆ ఉత్తరం తిరగేసి అప్పీలుకు ముప్పై రోజులే ఉన్నాయన్నాడు. పరిగెత్తాం.

అప్పీలు స్పాన్సరుకే ఉంటుంది, అంటే మావాడికి. ఇమ్మిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌లో కేసు మొదటినుంచీ మళ్లీ వింటారు. ఢిల్లీలో చూపించని సాక్ష్యం ఇక్కడ చూపించొచ్చు. ఇది తెలియక చాలామంది కోపంతో అదే ఫైలును అవే కాగితాలతో మళ్లీ పంపుతారు. ఫీజు పోతుంది, ఏడాది పోతుంది, పైగా రెండో తిరస్కరణ కూడా రికార్డుకెక్కుతుంది. మేము ఐదు డాలర్లు కట్టి సమాచార హక్కు కింద ఆఫీసరు రాసుకున్న నోట్సు తెప్పించుకున్నాం. అప్పట్లో కేప్స్ నోట్స్ అనేవాళ్లం, ఇప్పుడు జీసీఎంఎస్ అంటున్నారు. తిరస్కరణ ఉత్తరంలో ఉన్నది ఒక పేరా. నోట్సులో ప్రతి ప్రశ్నా, ప్రతి జవాబూ ఉన్నాయి. "తెలియదండి" అన్న ఆమె మాట ఇంగ్లీషులో చూసినప్పుడు నేను వంటింట్లోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను.

లాయరు ఫొటోలన్నీ తెమ్మంది. పద్నాలుగే ఉన్నాయన్నాను. అప్పుడు మావాడు లేచి వెళ్లి ఒక పుస్తకంలోంచి పదిహేనోది తీశాడు. ఉప్పాడ సముద్రం ఒడ్డున ఇద్దరూ. ఆమె జడ గాలికి వాడి మొహమ్మీద పడుతోంది. చేతిలో మొక్కజొన్న కండె. ఎవరో దారినపోయేవాడు తీసినట్టున్నాడు, కాస్త వంకరగా ఉంది. మూలన నారింజ రంగులో తేదీ: 2006 జూలై 2. ఆషాఢం ఏడో రోజు. స్నేహితుణ్ని చూసొస్తానని కాకినాడ వెళ్లాడు వాడు ఆ ఆదివారం. ఇంకోసారి కూడా కలిశారట. మా ఆవిడకు తెలిస్తే నొచ్చుకుంటుందని, నాకు తెలిస్తే అరుస్తానని, అప్పటిదాకా ఆ ఫొటో పుస్తకంలోనే ఉండిపోయింది.

2009 మేలో విచారణ. ఇక్కడ పొద్దున తొమ్మిదైతే అక్కడ సాయంత్రం ఆరున్నర. కోడలు ఫోన్లో సాక్ష్యం చెప్పింది. కరెంటు పోతుందేమోనని తీగ ఫోన్ ఉన్న పక్కింట్లో కూర్చుందట. అదే ప్రశ్న మళ్లీ వచ్చింది: మొదటి పెళ్లి ఎందుకు విడిపోయింది? దుబాసీ మధ్యలో రెండుసార్లు ఆగమనాల్సి వచ్చింది, అంత చెప్పింది. మరి ఢిల్లీలో తెలియదన్నారేం అని ప్రభుత్వం తరఫు ఆవిడ అడిగింది. "పెద్దవాళ్లు చెప్పొద్దన్నారండి." ఎవరా పెద్దవాళ్లు? కాసేపు ఏమీ వినపడలేదు. తరవాత, "మా మావయ్యగారండి" అంది. నా సాక్ష్యం అంతకుముందే అయిపోయింది కాబట్టి నేను ఆ గదిలోనే ఉన్నాను. కేసు మావైపు తిరిగింది అక్కడే అని లాయరు తరవాత చెప్పింది.

గెలిచాం. గెలిచినంత మాత్రాన వీసా రాదు. ఫైలు మళ్లీ ఢిల్లీ వెళ్తుంది. మెడికల్ మళ్లీ, పోలీసు సర్టిఫికెట్ మళ్లీ. అప్పట్లో పెళ్లి నిజమైంది కాదని, అది ప్రధానంగా వలస కోసమేనని రెండూ కనబడితేనే తిరస్కరించాలి. 2010 సెప్టెంబరు 30 నుంచి ఈ రెంటిలో ఏ ఒక్కటి కనబడినా చాలు. మా కేసు ఇవాళ్టిదైతే పదిహేనో ఫొటో సరిపోయేదో లేదో చెప్పలేను.

7. ఎదురుచూసిన కాలమూ కాపురంలో భాగమే.

కేసు నడుస్తోంది కదా, అయ్యాక వెళ్దాంలే అని మావాడు రెండేళ్లు ఇండియా వెళ్లలేదు. లాయరు ఫీజుకు డబ్బు కావాలి, సెలవు మిగుల్చుకోవాలి అని నేనే ఆపాను. వెళ్లిన ప్రతిసారీ పాస్‌పోర్టులో పడే ముద్ర సాక్ష్యమని అప్పట్లో నాకు తట్టలేదు. సాక్ష్యం మాట అటుంచు, పాతికేళ్ల పిల్ల అక్కడ పుట్టింట్లో, "మీ ఆయన ఎప్పుడు తీసుకెళ్తాడే?" అన్న మాటకు రోజూ జవాబు చెప్పుకోవాలి. నువ్వు ఏడాదికొకసారైనా వెళ్లు. పది రోజులే ఐనా సరే. ఫైలు కోసమని ఉత్తరాలు రాయకు, రాసినవి పారెయ్యకు. నీ అడ్రసు మారినా, ఉద్యోగం మారినా, ఆమె కడుపుతో ఉన్నా అదే వారంలో వాళ్లకు తెలియజెయ్యి.

మా ఆవిడ 2008 నవంబరులో పోయింది. కోడలు వచ్చాక పాలు పొంగించాలని కొన్న ఇత్తడి గిన్నె అల్మారాలో కాగితం కూడా విప్పకుండా ఉంది. 2010 ఫిబ్రవరిలో కోడలు దిగింది. ఆ గిన్నె కడిగి తనే పాలు పొంగించింది. ఆ ఏడాది ఆషాఢం జూలైలో పట్టింది. ఒకే గడప దాటకూడని అత్తగారు ఆ ఇంట్లో లేదు.